తెబెత్‌లో ఇల్లు: అద్దెకు సరే, కొనొచ్చా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. జకర్తా వచ్చి ఏడు నెలలైంది. ఆఫీసు కునింగన్‌లో, కితాస్ (ఇక్కడి తాత్కాలిక నివాస అనుమతి) మీద ఉన్నా. ఇప్పుడు కంపెనీ ఇచ్చిన అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. జూన్‌లో మా ఆవిడ, మూడేళ్ల పాప వస్తున్నారు కాబట్టి తెబెత్ వైపు ఇల్లు చూస్తున్నా. ఇంకో సంగతి. ఆఫీసులో నాతో పనిచేసే ఇక్కడి అబ్బాయి తెబెత్ తిమూర్‌లో ఒక పాత ఇల్లు చూపించాడు. పడగొట్టి పద్నాలుగు గదుల కోస్ కడదాం, డబ్బు నీది, కాగితం నా పేరు మీద అంటున్నాడు. నాన్నగారు ఊళ్లో స్థలం అమ్మి సర్దుతానంటున్నారు. కోస్ అంటే మన అమీర్‌పేట హాస్టళ్ల లాంటిదే కదా, స్టేషన్ పక్కన గది ఖాళీగా ఉండదు. ఏమంటారు?

పదకొండేళ్ల జకర్తా:
రెండోదానికే ముందు జవాబిస్తా. నాన్నగారు స్థలం బేరం పెట్టకముందే ఇది చదవాలి. వద్దు తమ్ముడూ.

దీన్ని ఇక్కడ నామినీ అంటారు, మన మాటలో బినామీ. 1960 నాటి భూమి చట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. ఆ హక్కు విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ చేరేలా చేసుకున్న లావాదేవీ 26వ సెక్షన్ కింద చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది. ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా ఉండదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. అంటే గొడవ వచ్చి కోర్టుకెళ్తే నువ్వు చెప్పే మొదటి వాక్యమే నీకు ఎదురు సాక్ష్యం.

ఆ అబ్బాయి మంచివాడే అనుకుందాం. రేపు అతనికి విడాకులైతే? బ్యాంకులో తాకట్టు పెడితే? అతనికేమైనా అయితే వారసులకు నువ్వెవరో కూడా తెలియదు.

కృష్ణాతీరం:
అన్నా, నొతారిస్ (నోటరీ) దగ్గర అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, తిరిగి అమ్మకం ఒప్పందం అన్నీ రాయిస్తానన్నాడు. అప్పుడు కూడా రిస్కేనా?

పదకొండేళ్ల జకర్తా:
ఆ మూడు కాగితాలూ ఎప్పుడూ కలిసే వస్తాయి. వాటిని పక్కపక్కన పెడితే చాలు, అసలు యజమాని ఎవరో, ఎందుకు దాచారో ఎవరికైనా అర్థమవుతుంది. నొతారిస్ స్టాంపు పడినంత మాత్రాన చెల్లనిది చెల్లుబాటవదు.

చట్టబద్ధమైన దారి ఉంది, కానీ అది కోస్ దారి కాదు. నివాస అనుమతి ఉన్న విదేశీయుడు హక్ పకాయ్, అంటే గడువున్న వాడకపు హక్కు, కింద ఇల్లు కొనొచ్చు. 2021 నిబంధనల ప్రకారం ముందు 30 ఏళ్లు, పొడిగింపు 20, మళ్లీ 30. హక్ మిలిక్ ఇల్లు కొంటే అది నీ చేతికొచ్చేసరికి హక్ పకాయ్‌గా మారుతుంది. ఫ్లాటైనా కొనొచ్చు. కానీ కనీస ధర ఉంది. జకర్తాలో నేల మీద ఇల్లయితే 500 కోట్ల రుపియా, ఫ్లాటయితే 300 కోట్లు. ఒక రూపాయికి సుమారు 190 రుపియా వేసుకుంటే ఫ్లాటుకే కోటిన్నర పైన. కాబట్టి కసబ్లాంకా రోడ్డు పక్కన ‘80 కోట్ల రుపియాకే స్టూడియో’ అని కనిపించే బోర్డులు నీ కోసం కాదు. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు, బుకింగ్ డబ్బులు మాత్రం తీసుకుంటాడు.

దీని మీద కొనేవాడికి 5 శాతం బదిలీ పన్ను, భూమి పత్రాలు రాసే అధికారి (పి.పి.ఎ.టి) ఫీజు, ఫ్లాటయితే నెలనెలా నిర్వహణ రుసుము. అద్దెకిస్తే వచ్చే అద్దె మీద 10 శాతం పన్ను. ఇవన్నీ పోగా మిగిలేదెంతో కాగితం మీద వేసి చూడు. నేను రెండుసార్లు వేశాను, రెండుసార్లూ అద్దె ఇంట్లోనే ఉండిపోయాను.

నాన్నగారి డబ్బు సంగతి కూడా. ఇండియా నుంచి పంపాలంటే ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి. ఆస్తి కోసమైతే 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు.

జావా కోడలు:
మావారు జావాలోని సొలో ఊరివాళ్లు, నేను విశాఖ. నా అనుభవం ఒకటి చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. ఇక్కడి వాళ్లను పెళ్లి చేసుకుంటే ఆస్తి సమస్య తీరిపోతుందనుకోకండి. ఆస్తులు వేరని ఒప్పందం లేకపోతే భర్త కొన్న ఇల్లు కూడా ఉమ్మడి ఆస్తే. అందులో విదేశీ భార్యకు వాటా ఉందంటారు కాబట్టి హక్ మిలిక్ నిలవదు. ఆ ఒప్పందం పెళ్లికి ముందే రాసుకోవాలనేవారు. పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. మేం అలాగే రాసుకుని తర్వాతే కొన్నాం. ఆ రోజు అత్తగారు ‘ఇదేం పెళ్లమ్మా, వాటాలు పంచుకుంటున్నారు’ అని మూతి ముడుచుకున్నారు!

బుకిత్‌దురి మాజీ:
బ్రదర్, కొనడం పక్కన పెట్టు, అద్దెకైనా ఏ వీధో చూసి దిగు. తెబెత్ అంతా ఒకటి కాదు. 1962 ఆసియా క్రీడల కోసం సెనాయన్ ఖాళీ చేయించి అక్కడివాళ్లను తెచ్చి కూర్చోబెట్టిన ఏరియా ఇది. అందుకే తెబెత్ బారత్, తెబెత్ తిమూర్ వీధులు నంబర్లు వేసి గళ్లుగా ఉంటాయి. చిలివుంగ్ నది వైపున్న బుకిత్ దురి, కెబోన్ బారు వేరే లోకం. అక్కడ సందులో రెండు బైకులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే.

2020 జనవరి 1 తెల్లవారుజామున మా గదిలో మోకాలి లోతు నీళ్లు. కొత్త సంవత్సరం అని పడుకున్నాం, చెప్పులు మంచం పక్కన తేలుతుంటే లేచాం. తర్వాత తెలిసింది, ఇల్లు చూడ్డానికెళ్లిన రోజే అన్నీ కనిపించాయి, నాకే బుర్ర పెట్టాలని తోచలేదు. స్విచ్ బోర్డులు నడుము కంటే పైన, ఫ్రిజ్ ఇటుకల మీద, గడప రోడ్డు కంటే కింద. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది.

గోడ మీద మట్టి గీత కనిపిస్తే కొత్త సున్నం చూసి మోసపోకు. పక్కనున్న వారుంగ్‌లో (చిన్న కొట్టులో) ఒక కాఫీ తాగి ‘నీళ్లు ఎంతవరకు వస్తాయి’ అని అడుగు. ‘వస్తాయా’ అని అడిగితే రావంటారు. నది ఎగువన బోగోర్ దగ్గర కతులంపా ఆనకట్టలో మట్టం పెరిగిందంటే ఆ నీరు ఇక్కడి మంగరాయ్ వరద గేట్లకు చేరడానికి దాదాపు తొమ్మిది గంటలు. నది పక్కనున్నవాళ్లందరి ఫోన్లలో ఆ కబురు తిరుగుతూనే ఉంటుంది.

పదకొండేళ్ల జకర్తా:
ఇది బంగారం లాంటి సలహా. ఇంకొన్ని కలుపుతా. మీటర్ మీద 1300 వీఏ (ఇంటికిచ్చే కరెంటు పరిమితి) అని ఉంటే ఏసీ, రైస్ కుక్కర్, మన మిక్సీ కలిపి వేస్తే టప్‌మని పోతుంది. 2200 ఉన్న ఇల్లు చూసుకో. కరెంటు ప్రీపెయిడ్ అయితే ఇరవై అంకెల టోకెన్ కొట్టాలి, అయిపోవస్తే మీటర్ కీచుమంటూ వీధంతా వినిపిస్తుంది. మిక్సీ మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో దూరదు, అడాప్టర్ తెమ్మను. ఆకుపచ్చ మూడు కిలోల గ్యాస్ పేదవాళ్లకిచ్చే సబ్సిడీ సిలిండర్, దాని జోలికి పోకు, గులాబీ రంగుది తీసుకో.

ఇళ్లకు అద్దె ఏడాదికి ఒకేసారి ముందే అడుగుతారు. దిగిన రోజే పాస్‌పోర్టు, కితాస్ కాపీలు పట్టుకుని కెతువా ఆర్‌టి, అంటే వీధి పెద్ద, ఇంటికి వెళ్లు. చెత్త, కాపలా చందా ఆయనకే. చిరునామా మారినట్టు ఇమిగ్రేషన్‌కు కూడా చెప్పాలి, మరిచిపోతావు.

కృష్ణాతీరం:
శనివారం వెళ్లొచ్చాను. తెబెత్ బారత్‌లో ఒకటి నచ్చింది. గడప రోడ్డు కంటే రెండు మెట్లు పైనే. వారుంగ్ పెద్దావిడను మీరన్నట్టే ‘ఎంతవరకు’ అని అడిగితే నవ్వి, వీధి చివర కరెంటు స్తంభం చూపించింది, అది దాటి లోపలికి రాలేదట. మీటర్ 1300యే, ఓనర్ మార్పిస్తానన్నాడు. రెండేళ్ల అద్దె అడిగాడు, ఒక ఏడాదికి ఒప్పించాను. కోస్ సంగతి ఆఫీసులో చెప్పేశాను, ఆ అబ్బాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. నాన్నగారు స్థలం అమ్మట్లేదు. ఇంతకీ మినప్పప్పు ఎక్కడ?

పదకొండేళ్ల జకర్తా:
తెబెత్ స్టేషన్‌లో కోతా వెళ్లే రైలెక్కి జువాండాలో దిగు. పసార్ బారు బజారు నడిచే దూరమే, మినప్పప్పు అక్కడే. రైలు గంబీర్‌లో ఆగదు, కంగారుపడకు. మీటర్ మార్చాకే అద్దె కట్టు.