గర్భిణికి "మద్యం ఒక్క చుక్క కూడా వద్దు" అని చెప్పడానికి ఆధారాలున్నాయా?

ఉపాధ్యాయిని, పాలమూరు:
నేను ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. నా తరగతిలోని ఒక బాబు సోమవారం ఏడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పి, బుధవారానికి దాన్ని ఎన్నడూ విననివాడిలా నా ముఖంలోకి చూస్తాడు. మాటకారి, చురుకైనవాడు, లెక్కల దగ్గరే ఆగిపోతాడు. కడుపుతో ఉన్న వేసవిలో ఒంటికి చలువని రోజూ ఒక సీసా ఈతకల్లు తాగానని వాళ్లమ్మ తనంతట తానే నాతో చెప్పింది. వాడి ఇబ్బందికి అదే కారణమని అనే అర్హత నాకు లేదు. అయితే మా ఊరి ఆశా కార్యకర్త "ఒక్క చుక్క కూడా వద్దు" అంటుంటే, "మేమంతా తాగే కన్నాం, మా పిల్లలకేమైంది" అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. ఎవరి మాట నిజం?

గణాంకశాస్త్ర విద్యార్థి:
టీచర్ గారూ, అతిగా తాగితే హాని కలుగుతుందన్న విషయంలో వివాదం లేదు. 1968లో ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పాల్ లెమోయిన్ బృందం మద్యానికి అలవాటుపడిన కుటుంబాల్లో పుట్టిన 127 మంది పిల్లల్లో కనిపించిన లోపాల గురించి రాసింది. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ ఆ స్థితికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వివాదమంతా కొద్దిపాటి మద్యం గురించే. 2017లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వారానికి 4 యూనిట్ల వరకు తాగిన గర్భిణులపై జరిగిన అధ్యయనాలను సమీక్షించి, హానిని రుజువు చేసే ఆధారాలు చాలా తక్కువని చెప్పారు. తేలని సంగతిని తేలినట్టు చెబితే, నెల తప్పిందని తెలియకముందు ఒకసారి తాగిన స్త్రీ కాన్పయ్యేదాకా భయంతో కుమిలిపోతుంది. అది అన్యాయం.

గ్రామీణ వైద్యుడు:
మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ 4 యూనిట్లను మన ఊరి కొలతలోకి మార్చి చూడండి. ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు. పులిసిన కల్లులో 5 శాతం ఉందనుకుంటే 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే 3 యూనిట్లు దాటుతుంది. రోజుకొక సీసా చొప్పున వారానికి 22 దాటుతాయి. పైగా పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్న కల్లు ఎండ ఎక్కేకొద్దీ పులుస్తూనే ఉంటుంది. డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది. ఇక "కొద్దిగా" అన్నదాన్ని ఆ తల్లి దేనితో కొలవాలి?

తల్లి తాగిన ఆల్కహాలు మావిని దాటి బిడ్డను చేరుతుంది. దాన్ని విరిచే శక్తి పిండం కాలేయానికి ఇంకా సరిగా రాదు కనుక, అది ఉమ్మనీటిలో కూడా చాలాసేపు నిలుస్తుంది. నాడీకణాలు పుట్టి, తమ చోటికి చేరి, ఒకదానితో ఒకటి అల్లుకునే పని కాన్పు వరకు సాగుతూనే ఉంటుంది. ఆ పనిలో ఉన్న కణాల్లో కొన్నిటిని ఆల్కహాలు చంపుతుంది, కొన్నిటిని దారి తప్పిస్తుంది. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసమ్, చిన్నమెదడు, జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోక్యాంపస్ దీనికి తేలిగ్గా లోనవుతాయి. ఇలా దెబ్బతిన్న పిల్లల్లో, పలుచని పై పెదవి వంటి గుర్తులు ముఖంలో కనిపించనివారే ఎక్కువ. అందువల్ల చక్కగా మాట్లాడే పిల్లవాడు లెక్కల్లో తడబడితే బడిలో వాడికి సోమరి అన్న పేరు పడుతుంది. అది నన్ను ఎంతో బాధిస్తుంది.

పెద్దవాళ్ల మాట వారి వరకు నిజమే కావచ్చు. తల్లి తిండి, జన్యువులు, ఏ నెలలో తాగింది, ఒక్కసారిగా ఎంత తాగింది అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది. ఒకరికి ఏమీ కాకపోవడం మరొకరికి హామీ కాదు.

గణాంకశాస్త్ర విద్యార్థి:
కల్లు లెక్కను ఒప్పుకుంటున్నాను. నేను దాన్ని అలా ఆలోచించలేదు. అయినా "ఇంతవరకు తాగితే భయం లేదని ఎవరూ తేల్చలేదు, అందుకని మానెయ్యమ్మా" అనడానికీ, "ఒక్క చుక్కతో బిడ్డ చెడిపోతుంది" అనడానికీ చాలా తేడా ఉంది. 2016లో బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు గర్భిణులను పూర్తిగా మానమంటూనే, తెలియక కొద్దిగా తాగినవారికి ప్రమాదం తక్కువేనని కూడా చెప్పారు.

గ్రామీణ వైద్యుడు:
ఆ రెండో మాట మన దగ్గర కూడా చెప్పాలి. నిందిస్తే తల్లి దాస్తుంది. ముఖంలో గుర్తులు లేనప్పుడు ఆమె చెప్పే నిజమే మాకు ప్రధాన ఆధారం. బీపీ గురించి అడిగినంత మామూలుగా, ప్రతి గర్భిణినీ ఈ ప్రశ్న అడగాలి.

ఉపాధ్యాయిని, పాలమూరు:
డాక్టర్ గారూ, బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. ఆలస్యమైపోయిందా?

గ్రామీణ వైద్యుడు:
చిన్న వయసులో గుర్తిస్తే మరింత మేలు. ఇప్పుడు కూడా చేయగలిగింది చాలా ఉంది. కారణం కల్లేనని ముందే అనుకోకుండా వినికిడి, చూపు, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం మీ బడికి వచ్చినప్పుడు వాడిని ప్రత్యేకంగా చూపించండి. తరగతిలో ఒకసారికి ఒకే సూచన ఇచ్చి, చింతగింజలతో లెక్క చేయించి, ఎక్కం మరిచిన రోజున కోప్పడకుండా మళ్లీ మొదటినుంచి చెప్పండి. వాళ్లమ్మ మీతో చెప్పిన మాట ఊళ్లో ఎవరికీ తెలియనివ్వకండి.