మాండొలిన్ కార్డులు మరింత తీయగా పలకాలంటే

ప్రశ్న: ట్యూనర్ సాయంతో నాలుగు జతల తీగలనూ శ్రుతి చేసినా జి మేజర్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) కరుకుగా వినిపిస్తోంది. కారణమేమిటి?

సమాధానం 1: జతలోని రెండు తీగలను కలిపి మీటినప్పుడు అలలుగా ఊగే ధ్వని వినిపిస్తే, అది ఆగేవరకు ఒక తీగను కింది శ్రుతి నుంచి పైకి బిగించాలి. ఇక్కడ ట్యూనర్ కంటే చెవే నమ్మదగినది.

సమాధానం 2: ట్యూనర్లు అనుసరించే సమవిభక్త శ్రుతిలో (సప్తకాన్ని 12 సమాన అర్ధస్వరాలుగా విభజించే పద్ధతి) మేజర్ థర్డ్, అంటే కార్డు మూలస్వరానికి నాలుగు అర్ధస్వరాల పైనున్న స్వరం, సహజమైన దానికంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువగా ఉంటుంది, జి కార్డులో ఎ తీగల రెండో మెట్టుపై పలికే బి స్వరం అదే కనుక, ఆ జతను నాలుగైదు సెంట్లు దించితే కార్డు మెత్తబడుతుంది. అయితే డి కార్డులో ఆ తీగలే పంచమాన్ని పలుకుతాయి కాబట్టి అక్కడ లోటు తెలుస్తుంది. పాటంతా జిలోనే సాగితే తప్ప నేనిది సూచించను.

సమాధానం 3: ముందు బ్రిడ్జిని (తీగలు ఆనుకునే చెక్క ముక్కను) చూడండి. 12వ మెట్టుపై నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరం) కంటే హెచ్చుగా ఉంటే, బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల చివరలను తగిలించే భాగం) వైపు కొద్దిగా జరపాలి.