సిజేరియన్‌కు ముందు జాగ్రత్తలు, తర్వాత లేవడం, బాలింత నీళ్లు తాగడం

ప్రశ్న:
మా చెల్లికి 39వ వారంలో సిజేరియన్ తేదీ ఇచ్చారు. ముందు రోజు ఇంట్లోనే షేవింగ్ చేసుకుని వెళ్లాలా? ఎన్ని గంటల ముందు తిండి ఆపాలి? తర్వాత ఎప్పుడు లేచి నడవొచ్చు? బాలింత నీళ్లెక్కువ తాగితే కుట్లు చీము పడతాయని పెద్దవాళ్లు అంటున్నారు, నిజమేనా?

ప్రసూతి వార్డు నర్సు:
షేవింగ్ వద్దండీ. బ్లేడుతో కంటికి కనపడని గాట్లు పడి క్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. ఇడ్లీ లాంటి తేలిక తిండి 6 గంటల ముందే ఆపాలి, నూనె వంటలూ మాంసమూ అయితే 8 గంటలు. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రావు, తిండి లెక్కలోకే వస్తాయి. మత్తు డాక్టరు వేరే టైము చెబితే అదే పాటించండి. ఇంకో మాట ముందే చెప్పి ఉంచండి: వెన్నుకి మత్తిచ్చాక కోత నొప్పి తెలియదు గానీ లాగడం, నొక్కడం తెలుస్తాయి. ఈ సంగతి ముందే తెలియకపోతే మత్తు పనిచేయలేదని హడలిపోతారు.

ఫిజియోథెరపిస్టు:
మత్తు దిగి కాళ్లు బాగా ఆడుతుంటే, డాక్టరు సరేనంటే, 24 గంటల లోపే నర్సు సాయంతో లేపండి. కాన్పు రోజుల్లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, పడుకునే ఉంటే పిక్కల్లో గడ్డలు కట్టొచ్చు. వెల్లకిలా నుంచి నేరుగా లేవకూడదు, కుట్లు లాగేస్తాయి. మోకాళ్లు ముడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి జారుస్తూ మోచేతి మీద లేవాలి. అంచున కాసేపు కూర్చున్నాకే నిలబడాలి, లేదంటే కళ్లు తిరుగుతాయి. దగ్గొస్తే చిన్న దిండు కుట్ల మీద అదిమి పట్టుకోవాలి. నొప్పి మాత్రలు రాసిచ్చిన టైముకే వేసుకోవాలి. నొప్పికి భయపడి కదలకపోతే కడుపులో గ్యాస్ పట్టేస్తుంది.

పోషకాహార నిపుణురాలు:
చీము పట్టేది క్రిముల వల్ల, నీళ్ల వల్ల కాదు. నిజానికి నీళ్లు తగ్గిస్తేనే ముప్పు. మలబద్ధకం వస్తుంది, ఐరన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి, ముక్కిన ప్రతిసారీ కుట్ల దగ్గర నొప్పి. మూత్రం గొట్టం పెట్టి తీసినవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ భయం ఎలాగూ ఉంటుంది. రోజుకి దాదాపు 3 లీటర్లు తాగనివ్వండి, పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టండి. కాచి ఇస్తామంటే ఇవ్వమనండి, కొలత మాత్రం తగ్గకూడదు. పథ్యమని కారప్పొడి అన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కుట్ల మీద పసుపు రాయొచ్చా? నడికట్టు ఎప్పటినుంచి?

ప్రసూతి వార్డు నర్సు:
పసుపు, పౌడరు, నూనె ఏదీ వద్దు. స్నానం చేశాక మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి, పొట్ట మడత కింద తడి మిగలకూడదు. నడికట్టు లేచి నడిచేటప్పుడు ఊతమే గానీ పొట్టను కరిగించదు. చెమటతో తడిస్తే వెంటనే మార్చాలి. 100.4 డిగ్రీల జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము, ఒక కాలి పిక్కలో వాపు, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చూపు మసకబారే తలనొప్పి, ఆయాసం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం ఉంటే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.