బెర్లిన్‌కి బొగ్గు విమానాల్లో మోశారా? నిజమేనా?

ప్రశ్న (గ్రూప్-1 అభ్యర్థి, గోదావరిఖని)

నమస్కారం. ప్రచ్ఛన్న యుద్ధం చాప్టర్ చదువుతున్నాను. 1948 జూన్ 24న సోవియట్ యూనియన్, చుట్టూ తన ఆధీనంలోని జర్మనీయే ఉన్న పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేసిందని, అమెరికా, బ్రిటన్ కలిసి విమానాల్లో దాదాపు 23 లక్షల టన్నుల సరుకు చేరవేశాయని ఉంది. అందులో మూడింట రెండొంతులు బొగ్గేనట. మా నాన్న సింగరేణిలో పని చేస్తారు. బొగ్గంటే నాకు తెలిసింది గూడ్స్ బండే. ఇది ప్రింటింగ్ మిస్టేకా? ఇంకో డౌట్: దారులన్నీ మూసినవాళ్లు ఆ విమానాల్ని ఎందుకు కూల్చలేదు?

జవాబు (రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్, ఏలూరు)

మిస్టేక్ కాదమ్మా, అంకె సరైనదే. నేను చండీగఢ్‌లో తొమ్మిదేళ్లు లేహ్ వెళ్లే విమానాల్లో సరుకు ఎక్కించాను. మంచు పడి కనుమలు మూసుకుపోతే అక్కడికి కూరగాయలు పోవాలన్నా విమానమే దిక్కు. అందుకే బెర్లిన్ సంగతి చదివితే నాకు పాఠం చదివినట్టుండదు, మా పనే ఎవరో చెబుతున్నట్టుంటుంది.

మొదట్లో వాడిన డకోటాలో మూడు టన్నులే పట్టేది. తర్వాత నాలుగు ఇంజిన్ల స్కైమాస్టర్లు దించారు, ఒక్కోదాంట్లో పది టన్నుల దాకా. మీ దగ్గర ఒక వ్యాగన్ బొగ్గంటే ఆరు స్కైమాస్టర్లన్నమాట. యుద్ధంలో మిగిలిపోయిన సైనికుల గుడ్డ సంచుల్లో బొగ్గు నింపేవారు. ఆ పొడి వైర్లలోకి, కేబుళ్లలోకి దూరి పెద్ద తలనొప్పయింది. మాకు లేహ్‌కి కిరోసిన్ పీపాలు ఎక్కించేటప్పుడు ఒక్క మూత వదులైతే చాలు, నేల ఎంత కడిగినా వారం దాకా వాసన పోయేది కాదు. ఉప్పు ఇంకా ప్రమాదం, లోహాన్ని తినేస్తుంది. అందుకని బ్రిటిష్‌వాళ్లు ఉప్పుని నీళ్ల మీద దిగే సండర్లాండ్ విమానాల్లో వేసి హావెల్ సరస్సులో దించారు. అవి సముద్రపు నీటికి తట్టుకునేలా కట్టినవి.

పైలట్ల ధైర్యం గురించి అందరూ రాస్తారు. నాకైతే ఆగస్టు 13 శుక్రవారం గుర్తొస్తుంది. వాన, కిందికి దిగిన మబ్బు. బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్ విమానాశ్రయంలో ఒక విమానం రన్‌వే చివర కాలిపోయింది, వెనక వచ్చినదాని టైర్లు పేలాయి. పైన మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి చక్కర్లు కొడుతున్నాయి. వాటిలో ఒకదాంట్లో కమాండర్ జనరల్ టన్నర్ ఉన్నాడు. అందర్నీ వెనక్కి పొమ్మన్నాడు. ఆ తర్వాత ఒకటే రూలు: మొదటిసారి దిగలేకపోతే మళ్లీ ప్రయత్నం లేదు, సరుకుతో సహా తిరిగి పోవడమే. మూడు నిమిషాలకొక విమానం, అదే వేగం, చెప్పిన ఎత్తు. చూడ్డానికి మామూలు రూలే, కానీ ఆ నగరం చలికాలం దాటింది దానివల్లే. 1949 ఏప్రిల్‌లో ఈస్టర్ సమయంలో ఒక్క రోజులో 12,941 టన్నులు, 1,380కి పైగా ట్రిప్పులు. రోజుకి ఉన్నవే 1,440 నిమిషాలు!

రెండో డౌట్. రోడ్డు, రైలు దారులకి రాతపూర్వక ఒప్పందం లేదు, గాలిదారికి ఉంది. 1945 నవంబరులో జర్మనీని పంచుకున్న నాలుగు దేశాలూ (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్) ఒప్పుకున్న మూడు కారిడార్లవి, ఒక్కోటి 32 కిలోమీటర్ల వెడల్పు. వాటిలో విమానం కూలిస్తే యుద్ధం మొదలుపెట్టినవాళ్లు తామే అవుతారు. అప్పటికి అణుబాంబు ఒక్క అమెరికా దగ్గరే ఉంది. పైగా చలికాలం వస్తే ఇదంతా దానంతటదే ఆగిపోతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పింది. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు.

జవాబు (బెర్లిన్‌లో ఉంటున్న తెలుగమ్మాయి)

బాబాయ్ గారూ, చాలా బాగా చెప్పారు. మా కింది ఫ్లోర్‌లో ఉండే బామ్మగారికి అప్పుడు ఏడేళ్లు. కరెంటు రోజుకి కొన్ని గంటలే, అదీ ఏ అర్ధరాత్రో వచ్చేదట. వాళ్లమ్మ అలారం పెట్టుకుని లేచి, విమానంలో వచ్చిన ఎండు బంగాళాదుంప పొడిని నీళ్లలో ఉడికించేదట. పచ్చి దుంపల్లో బరువంతా నీళ్లే కదా, అందుకే ఎండబెట్టి పంపేవారు. ఆవిడ ఇప్పటికీ ఆ పొడి పాకెట్ ఇంట్లోకి రానివ్వరు.

హాల్వర్సెన్ అనే అమెరికన్ పైలట్ రుమాళ్లని పారాచూట్లలా కట్టి పిల్లలకి చాక్లెట్లు జారవిడిచేవాడు. ఈవిడా పరిగెత్తారట. చాక్లెట్ ఎవరో పెద్ద పిల్లాడు లాక్కుపోయాడు, చేతిలో రుమాలు మిగిలింది. దాన్ని వాళ్లమ్మ తమ్ముడి చొక్కా మోచేతికి అతుకేసింది. ఆ టెంపెల్‌హాఫ్ ఇప్పుడు పార్కు. ఆదివారం రన్‌వే మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు.

ప్రశ్న వేసిన అమ్మాయి

ఇద్దరికీ థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగారు: "ఎక్కించింది సరే, అక్కడ దించిందెవరు?"

రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్, ఏలూరు

మీ నాన్నగారు అడగాల్సిందే అడిగారమ్మా. దించింది బెర్లిన్ జనమే. విమానం ఆగీ ఆగకముందే లారీ వచ్చి తలుపుకి ఆనేది, పది టన్నులూ అరగంటలోపు కిందికి. పైలట్ విమానం వదిలి పోకూడదు, టిఫిన్ వ్యానే దగ్గరికి వచ్చేది. మూడో విమానాశ్రయం టేగెల్‌ని కూడా వాళ్లే మూడు నెలల్లో కట్టారు, చాలామంది ఆడవాళ్లు. రన్‌వే కింద పరిచింది బాంబులకి కూలిన వాళ్ల ఇళ్ల ఇటుకలే.