డెబియన్ 13లో /టీఎంపీ సగం ర్యామ్‌కే నిండిపోతోంది: మాస్క్ చేయాలా, సైజు పెంచాలా?

సర్వర్‌లోని లినక్స్ సిస్టమ్ డెబియన్ 12 నుంచి 13కి అప్‌గ్రేడ్ అయింది. ర్యామ్ 4 జీబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) 1 జీబీ, రూట్ (ప్రధాన డిస్క్ భాగం) ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. రీబూట్ అయినప్పటి నుంచి రాత్రి డేటాబేస్ డంప్ సగంలో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటూ ఆగిపోతోంది. డిస్క్‌లో మాత్రం బోలెడు ఖాళీ ఉంది.

కారణం తెలిసిందే. 13 నుంచి /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) డిఫాల్ట్‌గా టీఎంపీఎఫ్ఎస్, అంటే ఫైళ్లు ర్యామ్‌లో కూర్చుంటాయి, హద్దు ర్యామ్‌లో సగం. ఖాళీ, వాడకం చూపే డీఎఫ్ కమాండ్‌లో /టీఎంపీ సైజు 1.9 జీబీ కనిపిస్తోంది, డంప్ 2.6 జీబీ. స్క్రిప్టులో టీఎంపీడీఐఆర్‌ను (తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే సెట్టింగ్) డిస్క్ మీదున్న /వార్/టీఎంపీకి మార్చాక డంప్ పూర్తవుతోంది. కానీ మిగతా ప్రోగ్రాములు /టీఎంపీనే వాడతాయి కదా.

అడగాల్సినవి రెండు.

/టీఎంపీని ర్యామ్‌లో పెట్టే టీఎంపీ.మౌంట్‌ను సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో మాస్క్ చేసి (అంటే అసలు మొదలవకుండా ఆపేసి) రీబూట్ చేస్తే మళ్లీ డిస్క్‌కే వస్తుంది. లేదా సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆప్షన్లలో సైజు 3జీ అని పెట్టవచ్చు. 4 జీబీ మెషీన్‌లో రెండోది ఓఓఎం కిల్లర్‌ను (మెమరీ అయిపోతే ప్రోగ్రాములను చంపేసేది) పిలిచి పీట వేయడమే అనిపిస్తోంది. ఇంత తక్కువ ర్యామ్‌లో ఎవరైనా నడుపుతున్నారా?

ఇంకోటి, అసలు చిక్కు ఇదే. రూట్‌లో డీఎఫ్ 31 జీబీ అంటుంటే, ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ -ఎస్ఎక్స్‌హెచ్ 24 జీబీ అంటోంది. తొలగించాక కూడా తెరిచి ఉన్న ఫైళ్లేవీ ఎల్ఎస్ఓఎఫ్‌లో (తెరిచిన ఫైళ్లు చూపే కమాండ్) లేవు. పాత /టీఎంపీ ఫైళ్లు కొత్త మౌంట్ కింద దాగినట్టున్నాయి. రూట్‌ను /ఎంఎన్‌టీ మీద బైండ్ మౌంట్ చేసి (అంటే అదే ఫోల్డర్‌ను ఇంకో చోట కూడా కనిపించేలా పెట్టి), /ఎంఎన్‌టీ/టీఎంపీ లోపలివి తీసేస్తే నడుస్తున్న సర్వీసులకు ఇబ్బంది ఉండదు కదా?