ఎడమ ఇండికేటర్ ఒక్కటే టకటకా వేగంగా కొట్టుకుంటోంది, రిలే మార్చినా తగ్గలేదు

కొత్తడ్రైవర్:
అందరికీ నమస్కారం. నా కారు పాతది, పదేళ్లు దాటింది. నాలుగు రోజులుగా ఎడమవైపు ఇండికేటర్ వేస్తే డాష్‌బోర్డులో బాణం గుర్తు రెట్టింపు వేగంతో టకటకా కొట్టుకుంటోంది. కుడివైపు వేస్తే మామూలుగానే ఉంది. మెకానిక్‌కి చూపిస్తే, ఇండికేటర్‌ని వెలిగిస్తూ ఆర్పే రిలే పోయిందన్నాడు. కొత్తది వేయించాను. ఇంటికొచ్చే దారిలోనే మళ్లీ మొదలు. విచిత్రమేమిటంటే, ఒక్కోసారి గతుకులో పడ్డాక దానంతటదే సర్దుకుంటుంది. బల్బులు చూశాను, అన్నీ వెలుగుతున్నాయి. ఇక వైరింగ్ మొత్తం విప్పాలంటాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

వైరింగ్‌పని:
రిలే జోలికి చివర్లో వెళ్లాల్సింది, మీరు ముందే వెళ్లారు. మీలాంటి పాత కార్లలో రెండు వైపులకీ ఒకటే రిలే ఉంటుంది. అది పాడైతే ఎడమవైపు మాత్రమే ఎందుకు అలుగుతుంది?

ఆ వేగం కావాలని పెట్టిందే. ఆ వైపు ఏదో బల్బుకి కరెంటు సరిగ్గా అందట్లేదని కారు చెప్పే తీరు అది. ముందూ వెనకా ఉండే ఇండికేటర్ బల్బులు సాధారణంగా 21 వాట్లవి, పక్కనుండే చిన్నది 5 వాట్లది. మూడూ కలిపి 47 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 4 ఆంపియర్లు. ఒక పెద్ద బల్బు పోతే అది 2 ఆంపియర్ల చిల్లరకి పడిపోతుంది. రిలే ఆ తగ్గుదలని పసిగట్టి వేగం పెంచుతుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లలోపు వెలగాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే మీది ఎంతో తేలిపోతుంది.

ఫ్యూజు గురించి కూడా ఆలోచించకండి. ఫ్యూజు పోతే వేగంగా కాదు, అసలు వెలగనే వెలగదు.

ఇంతకీ అన్నీ వెలుగుతున్నాయన్నారు, ఎప్పుడు చూశారు?

కొత్తడ్రైవర్:
మధ్యాహ్నం. ఇండికేటర్ వేసి దిగి కారు చుట్టూ తిరిగాను. ముందుది, పక్కది, వెనకది మూడూ వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

వైరింగ్‌పని:
అదీ సంగతి. ఎండలో వెలుగుతోందో లేదో తెలుస్తుంది కానీ ఎంత వెలుగుతోందో తెలియదు. చీకటి పడ్డాక హజార్డ్ లైట్లు వేసి వెనక నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఎడమదాన్ని కుడిదానితో పోల్చండి. తర్వాత ముందుకెళ్లి అదే పని చేయండి. మందంగా వెలిగేది దొరికితే దాని మీద పిడికిలితో మెల్లగా రెండు దెబ్బలు వేయండి. వెలుగు మారిందంటే తప్పు హోల్డర్‌లో ఉంది. గతుకులో పడితే సర్దుకుంటోందన్న మీ మాటతోనే నాకు హోల్డర్ మీద అనుమానం వచ్చింది. ఫిలమెంట్ తెగిన బల్బు గతుకులకి బాగుపడదు కదా.

పాతకారు:
ఇంకొకటి చూడండి. ఈమధ్య ఎవరైనా వెనక బల్బు మార్చారా? 5 వాట్లవి, 10 వాట్లవి కొన్ని సరిగ్గా అదే హోల్డర్‌లో కూర్చుంటాయి. చేతికి అందింది పెట్టేస్తారు. బల్బు అడుగున ఇత్తడి భాగం మీద వాట్లు చెక్కి ఉంటాయి, చదవండి.

నా పాత బండిలో ఈ కథ తలకిందులు. అందులో వేడికి వంగే రేకు ఉన్న రిలే. బల్బు పోతే కరెంటు తగ్గి రేకు సరిగ్గా వేడెక్కేది కాదు, ఇండికేటర్ నీరసంగా వెలిగి అక్కడే ఆగిపోయేది. ఎలక్ట్రానిక్ రిలేలు వచ్చాకే ఈ టకటకల గోల.

కొత్తడ్రైవర్:
దొరికింది! నిన్న రాత్రి చూశాను. ఎడమ వెనకది కుడిదానిలో సగం కూడా వెలగట్లేదు. పగలు నాకు రెండూ ఒకేలా కనిపించాయి. రెండు దెబ్బలు వేయగానే భగ్గున వెలిగి, టకటక మామూలైపోయింది. డిక్కీ మూత వేయగానే మళ్లీ మొదలు.

పొద్దున్నే ఇగ్నిషన్ ఆపేసి లైటు విప్పాను. బల్బు 21 వాట్లదే, ఫిలమెంట్ బాగుంది. హోల్డర్ అడుగున బల్బుని పైకి నొక్కే ఇత్తడి రేకు ఉంది చూడండి, అది ఆకుపచ్చగా చిలుము పట్టిపోయింది. బల్బు అడుగునున్న సీసపు బొడిపె కూడా నల్లగా మాడి, ఒకవైపు అరిగి ఉంది. లోపల చెమ్మ. లైటు వెనకుండే రబ్బరు ఒక మూల మడత పడి ఉంది, నీళ్లు అక్కడినుంచే దిగుతున్నట్టున్నాయి. ఇప్పుడు హోల్డర్ మార్చాలా, గీకితే చాలా?

వైరింగ్‌పని:
రేకు విరక్కుండా ఉంటే గీకితే చాలు. సన్నటి ఉప్పు కాగితాన్ని పెన్సిల్ చివరకి చుట్టి రేకు మీద తిప్పండి, ఇత్తడి రంగు బయటపడే దాకా. బల్బు పక్కలు ఆనే గోడని కూడా వదలకండి, ఎర్త్ దారి అదే. రేకు చదునుగా అణిగిపోయి ఉంటే చిన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త పైకి లేపండి, బల్బు పెట్టేటప్పుడు వేలికి బిగువు తెలియాలి. బొడిపె అరిగిందన్నారు కాబట్టి బల్బు మాత్రం కొత్తది వేసేయండి. రబ్బరు సరిచేయకపోతే ఎంత గీకినా చిలుము మళ్లీ వస్తుంది.

బల్బు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పై అద్దం నారింజ రంగుదైతే లోపల తెల్ల బల్బు ఉంటుంది. అద్దం తెల్లదైతే బల్బు నారింజది. ఈ రెండింటి పక్క పిన్నులు ఒకేలా ఉండవు. తెల్లదానికి ఎదురెదురుగా, నారింజదానికి కాస్త పక్కకి జరిగి ఉంటాయి. కూర్చోకపోతే బలవంతంగా తిప్పకండి, పాతది చేత్తో పట్టుకెళ్లి అలాంటిదే తెచ్చుకోండి.

తెల్లలైట్లు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకూ ఇదే సమస్య, కాకపోతే రెండు వైపులా. గత వారం నాలుగు ఇండికేటర్లకీ ఎల్ఈడీలు వేయించాను. చిలుమూ లేదు, చెమ్మా లేదు.

పాతకారు:
మీ బల్బులు బాగానే ఉన్నాయి, మరీ తక్కువ తింటున్నాయంతే. 21 వాట్లు ఉండాల్సిన చోట ఎల్ఈడీ ఏ కొద్ది వాట్లో లాగుతుంది. బల్బు పోయిందని రిలే అనుకుంటుంది. ప్రతి బల్బుకీ అడ్డంగా 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ కలిపితే సర్దుకుంటుంది.

వైరింగ్‌పని:
సర్దుకుంటుంది గానీ ఆ రెసిస్టర్ ఎంత వేడెక్కుతుందో చెప్పకుండా ఎవరికీ సలహా ఇవ్వొద్దండీ. ఇంజిన్ నడుస్తుంటే వోల్టేజీ 14 దాకా వెళ్తుంది, అప్పుడు వెలిగిన ప్రతిసారీ 30 వాట్ల పైన వేడి. హజార్డ్ లైట్లు వేసి కాసేపు ఆగితే చెయ్యి కాలుతుంది. ప్లాస్టిక్‌కి టేపు చుట్టి వదిలేసినవి నేను చూశాను, ప్లాస్టిక్ కరిగి కారింది. పెడితే రేకు బాడీకి స్క్రూతో బిగించాలి, వైర్లు తగలకూడదు.

విడిగా రిలే ఉన్న కారైతే ఎల్ఈడీల కోసం చేసిన రిలే వేయడం మేలు. అలా చేశాక బల్బు పోయినా కారు చెప్పకపోవచ్చు, అప్పుడప్పుడు దిగి మీరే చూసుకోవాలి. కొత్త కార్లలో విడి రిలేనే ఉండదు, ఆ పని కంప్యూటర్ చేస్తుంది, టిక్ టిక్ చప్పుడు కూడా స్పీకర్‌లోంచి వచ్చేదే. అలాంటి కారైతే నా ఓటు పాత బల్బులకే.

తెల్లలైట్లు:
నాది విడి రిలే ఉన్న కారే. రిలే మారుస్తాను. వేడి సంగతి ముందే తెలిసి మంచిదైంది, రెసిస్టర్లు కొనేవాడినే.

కొత్తడ్రైవర్:
గీకాను, కొత్త బల్బు వేశాను, రబ్బరు మడత సరిచేసి కూర్చోబెట్టాను. లెక్కపెట్టాను కూడా, 15 సెకన్లకి 21 సార్లు. డిక్కీ మూత గట్టిగా వేసినా మారట్లేదు. నిన్న సాయంత్రం వానలో తిరిగొచ్చాక మళ్లీ విప్పి చూశాను, లోపల పొడిగానే ఉంది. మరి ఇప్పుడు కొత్త రిలే తీసేసి పాతది పెట్టేయనా?

వైరింగ్‌పని:
ఎందుకండీ, పనిచేసేదాన్ని కదపకండి. పాతదీ బాగున్నట్టే లెక్క, డాష్‌బోర్డు అరలో పడేయండి.