తూర్పు ఆసియా ఎన్‌కోడింగులు (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతులు) ప్రోగ్రామింగ్ భాషతోపాటే రావాలా, విడి ప్యాకేజీగా ఉండాలా?

మొలక: పైథాన్‌కి 2004లో, 2.4 వెర్షన్ నుంచి, చైనీస్, జపనీస్, కొరియన్ ఎన్‌కోడింగులు భాషతోపాటే వస్తున్నాయి. ఇప్పుడు అందరూ రాసేది అన్ని లిపులకీ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనేగా! రస్ట్ భాష ప్రామాణిక లైబ్రరీలో ఇవేవీ లేవు. గో భాషలో విడి ప్యాకేజీగా ఉన్నాయి. వాళ్ల కొంపలేం మునగలేదు. అవసరం లేనివాళ్లు కూడా ఆ అక్షరాల పట్టికల బరువు ఎందుకు మోయాలి?

పాతఫైలు: రాసేవాళ్ల మాట సరే, పాతవి చదవాల్సినవాళ్ల గతేంటండీ? షిఫ్ట్-జిస్ అనే పాత జపనీస్ ఎన్‌కోడింగ్‌లో కటకానా లిపి 'సో' అక్షరం రెండు బైట్లు: హెక్స్‌లో 83, 5సీ. ఈ రెండోది ఇంగ్లిష్ అక్షరాల ఎన్‌కోడింగ్ అయిన ఆస్కీలో బ్యాక్‌స్లాష్. ఎన్‌కోడింగ్ తెలియని ప్రోగ్రాం దాన్ని ఎస్కేప్ గుర్తు (తర్వాతి గుర్తుకున్న ప్రత్యేక అర్థాన్ని తీసేసేది) అనుకుని మింగేస్తుంది. ఒక సీఎస్‌వీలో (కాలమ్‌లని కామాలతో విడదీసే ఫైలు) 'సో'తో ముగిసే పేర్లన్నీ పక్క కాలమ్‌కి అతుక్కుపోయి వచ్చాయి నాకు. ఒక పూటంతా కామాల్ని అనుమానించాను. ఆ సర్వర్‌కి నెట్ లేదు, ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్ నడవదు. భాషలోనే డీకోడర్ (బైట్లని అక్షరాలుగా చదివేది) ఉంది కాబట్టి ఒక్క లైనుతో బయటపడ్డాను.

మొలక: నెట్ లేని సర్వర్ కోసం ప్రపంచమంతా మోయాలా? పైగా లోపల పెడితే పాతబడుతుంది. చైనా ఎన్‌కోడింగ్ ప్రమాణం జీబీ18030 2022 కూర్పులో కొన్ని అక్షరాల మ్యాపింగులే (ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే జతలు) మారాయి, 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. విడి ప్యాకేజీ అయితే మర్నాడే సరిదిద్దొచ్చు. భాషలో ఉంటే తర్వాతి విడుదలదాకా ఆగాలి.

రెండుబైట్లు: పాతబడటం ఒక్కటే అయితే పర్లేదు. అసలు తంటా పేర్లతో. వెబ్‌పేజీ పైన ఎన్‌కోడింగ్ పాత చైనీస్ ప్రమాణం జీబీ2312 అని ఉంటుంది, లోపల ఉండేది దానికి విస్తరణ అయిన జీబీకే. జీబీ2312లో చైనీస్ అక్షరాలు 6,763. చైనా మాజీ ప్రధాని జూ రోంగ్జీ పేరులోని 'రోంగ్' అందులో లేదు! అక్కడికి రాగానే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. బ్రౌజర్లు మాత్రం జీబీ2312 అని కనిపిస్తే నోరెత్తకుండా జీబీకేగా చదివేస్తాయి. కొరియన్‌దీ ఇదే కథ: పాత ప్రమాణంలో ఉన్నవి 2,350 హంగుల్ అక్షరాలు, ఆధునిక లిపికి కావాల్సినవి 11,172. లోపల ఉండాలనే నేనూ అంటాను, కానీ బ్రౌజర్లు చదివినట్టు చదివే పద్ధతి కూడా ఉండాలి.

మొలక: సరే, డీకోడర్లు ఉంచండి. అక్షరాల్ని బైట్లుగా రాసే ఎన్‌కోడర్లు తీసేయండి. చదవడం వరకు ఒప్పుకుంటాను, రాయడానికి యూటీఎఫ్-8 చాలు.

పాతఫైలు: మెయిళ్లకి వాడే పాత జపనీస్ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-2022-జేపీ తప్ప మరొకటి తీసుకోని మెయిల్ సర్వర్‌కి జవాబు మీరు రాస్తారా మరి?